బ్లూస్ గిటారుకు పసుపు, బొట్టు

రెండేళ్ల కిందట మార్చిలో, చోడవరంలో కొత్తగా తెరవబోతున్న ఒక కాఫీ షాపు గోడకు బొమ్మ వేసే పని నాకు అప్పగించారు. జీవితమంతా బోర్డులు, గోడలు రాసిన నాకు విరమణకు ముందు అదే చివరి పెద్ద పని. యజమాని సతీష్‌కు గిటారు పిచ్చి. పాతకాలపు బ్లూస్ గిటారు కావాలన్నాడు. పాలిష్ పోయి, గీతలు పడి ఉండాలన్నాడు. ప్రారంభానికి విశాఖ నుంచి తన సంగీత మిత్రులు వస్తారని, వాళ్ల ముందు పరువు నిలబెట్టాలని మరీ మరీ చెప్పాడు.

తెలియని వస్తువు బొమ్మ వేయడం నాకు నచ్చదు. శాఖా గ్రంథాలయంలో కూర్చుని బ్లూస్ గురించి దొరికినంతా చదివాను. అమెరికా పొలాల్లో చాకిరీ చేసిన నల్లజాతివారి పాట అది.

నీలిమందు అద్దిన దారంతో గోడ మీద గళ్లు కొట్టి, సతీష్ ఇచ్చిన గిటారు ఫోటో మీద కూడా గళ్లు గీసుకుని, ఒక్కో గడినీ గోడ మీదికి పెంచి గీశాను. ముందు బేస్ రంగు, తర్వాత నీడలు, అన్నిటికన్నా చివర పాతదనం. వాయించేవాడి చెయ్యి రాసుకుని పాలిష్ పోయిన చోట లేత చెక్కరంగు ఎనామిల్ పెయింటు వేసేసరికి, ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నమైంది.

అప్పుడే సతీష్ తల్లి నరసమ్మగారు రోలుగుంట నుంచి వచ్చి ఆటో దిగారు.

"ఏటి బాబూ, కొత్త కొట్టుకి పాత సామానేటి? రంగు ఊడిపోనాది సూడు!"

చదివినదంతా చెప్పే అవకాశం దొరికింది, వదులుకోలేదు. పొలం పనివాళ్ల కష్టం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే మన సెరుకు నరికే కత్తిలాటిదే కదేటి?"

సరిగ్గా అదేనని మెచ్చుకుని, భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి, ఆయుధపూజలో కత్తికీ నాగలికీ చేసేదంతా ఆవిడ గిటారుకు చేసేశారు. పాలిష్ పోయిన చోట నిండా పసుపు. మెడ పొడవునా కుంకుమ బొట్లు. ఎనామిల్ ఇంకా పచ్చిగానే ఉండడంతో పసుపు అందులో కలిసిపోయింది.

సతీష్ తల పట్టుకున్నాడు. "మాస్టారూ, రేపు ఆళ్లొచ్చి నవ్వుతారు!"

"నవ్వితే నవ్వుతార్రా. పనిముట్టుకి బొట్టెట్టకుండా కొట్టు తెరుస్తారేటి?" అన్నారు నరసమ్మగారు.

టర్పెంటైన్‌తో తుడిస్తే కింది నీడలు కూడా పోతాయి. మళ్లీ వేస్తే తెల్లారేసరికి ఆరదు. అలాగే వదిలేశాం.

మర్నాడు విశాఖ మిత్రులు కాఫీ మరిచిపోయి గోడ ముందే నిలబడ్డారు. అందరూ దానితోనే ఫోటోలు దిగారు. ఈ ఆలోచన ఎవరిదని ఒకాయన అడిగాడు. సతీష్ తల్లి వైపు చూడకుండా, "నాదే" అన్నాడు.

"అలాగేరా నాయనా! దసరాకి నువ్వే ఎట్టు బొట్టు," అన్నారావిడ.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎనామిల్ పూర్తిగా ఆరేదాకా బొమ్మ చరిత్ర ఎవరికీ చెప్పకూడదు.