అర్థం చెప్తేనే అక్షరం

ఉప్పల్‌లో పసిపిల్లల్ని ఉయ్యాలలో వేసి పేరు పెట్టే తొట్టెల ఫంక్షన్లకు థర్మాకోల్ అక్షరాలు కోసిచ్చే హన్మయ్యకు ఒక పిచ్చి ఉంది. పిల్లాడి పేరుకు అర్థం చెప్పందే థర్మాకోల్ కోసే వేడి తీగ ముట్టడు. "పేరు తెచ్చినవ్ సరే, అర్థమేది?" అంటాడు, ఆధార్ కార్డు అడిగినట్టు. తెలియదంటే తెలుసుకుని రమ్మని పంపేస్తాడు. చెబితే పాత డైరీలో రాసుకుంటాడు. రయ్యాన్ అరబ్బీ మాట, స్వర్గానికున్న ఒక ద్వారం. కియాన్ పారశీకం, రాజు. లియో లాటిన్, సింహం. ఆ లియో తండ్రిని మాత్రం ఊరికే వదల్లేదు.

"మీ నాయిన పేరేంది?"

"నర్సింహ."

"ఇంట్ల సింహం ఉండంగ గంత దూరం బోయి ఇంకోటి తెచ్చినవా?" అని కాసేపు ఏడిపించి, అప్పుడు కోశాడు.

ఈ పిచ్చికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఇరవై ఏళ్లు నాచారంలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉన్నాడు. నోరు తిరగని మందుల పేర్లు వేలకు వేలు అచ్చేశాడు. లోపల ఏముందో, ఏ రోగానికో ఒక్కనాడూ తెలియలేదు. ఇక తెలియని పేరు చేత్తో ముట్టకూడదని ఒట్టేసుకున్నాడు.

మొన్నో శనివారం నాచారం నుంచి జీవన్ అనే కుర్రాడు తల్లి సారలమ్మను బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. మర్నాడే కొడుకుకు ఇరవై ఒకటో రోజు, తొట్టెల. చీటీ మీద ఇంగ్లీషులో 'ఈథన్' అని రాసుంది.

"అర్థమేంది?"

"ఎర్కలే కాకా. మా ఇంటామె సుష్మ పెట్టింది. ఫోన్ల సూసినట్టుంది."

"ఎర్కైనంక రా."

సారలమ్మ ఆ మాట కోసమే కాచుకున్నట్టుంది. "మంచిగన్నవ్ అన్నా. నేను పెంటయ్య అని పెట్టుమంటున్న. ఇంటలేరు."

హన్మయ్య పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. జీవన్ తల దించుకుని సంగతి చెప్పాడు. ఇంతకుముందు ఇద్దరు కొడుకులు పుట్టి, ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. పూర్వం అలాంటి ఇళ్లలో తర్వాత పుట్టినవాణ్ణి చేటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టి, పరాయివాళ్లతో ఎత్తించి, తవుడిచ్చి కొనుక్కునేవాళ్లు. పెంటయ్య అని పిలిచేవాళ్లు. ఎవరికీ అక్కర్లేనివాడనుకుని చావు కూడా పక్కనుంచి పోతుందని ఆశ.

"నవ్వుతె నవ్వుకోన్రి. గా పేరు పెట్టకుంటె నేను తొట్టెల మీద చెయ్యి పెట్ట" అంది సారలమ్మ.

నాయనమ్మ చెయ్యి పెట్టని తొట్టెల ఏం తొట్టెల! నవ్వినందుకు హన్మయ్యకు సిగ్గేసింది. "నీ పెండ్లానికి ఫోన్ గొట్టు" అన్నాడు. జీవన్ స్పీకర్ పెట్టాడు.

"బిడ్డా, అక్షరాలు కోసే హన్మయ్యను. ఈథన్ అంటె ఏంది?"

"హీబ్రూ పేరు కాకా. గట్టిగుండేటోడు, ఎన్నటికి నిలిచేటోడు అని అర్థం. దవాఖానల పండుకోని అన్ని భాషలు దేవులాడిన. రాజులు, సింహాలు, దేవుళ్లు మస్తుగున్నరు. నాకు గవేం ఒద్దు. నిలిస్తె సాలు." గొంతు తగ్గించింది. "అత్తమ్మకు చెప్పకు. ఏడుస్తది."

సారలమ్మ అప్పటికే ఏడుస్తోంది. కొంగుతో ముక్కు తుడుచుకుని కోడలినే తిట్టింది. "నాకొక్క మాట చెప్తె దాని సొమ్మేం బోయింది? ఇరవై దినాల సంది పెంటయ్య పెంటయ్య అని దాని పానం దీసిన గద!"

హన్మయ్య ఇంకేమీ అడగలేదు. తీగ వేడెక్కించి ఐదక్షరాలూ కోశాడు, మామూలుకన్నా రెండంగుళాలు మందంగా. సారలమ్మకు ఇంగ్లీషే కాదు, తెలుగక్షరం కూడా రాదు. అయినా కోసింది కోసినట్టు ఒక్కొక్కటీ అందుకుని ఒళ్లో పెట్టుకుంది.

బండెక్కే ముందు వెనక్కి తిరిగింది. "అన్నా, రేపొచ్చి నువ్వే అతికియ్యి. జర గట్టిగ అతికియ్యి. ఒక్కటి గూడ ఊడద్దు."