నేలకు దించిన జ్యోతి

ధర్మవరంలో పెద్దంచు పట్టుచీర నెయ్యాలంటే మగ్గం మీద ఒకరు, అంచు పక్కన ఇంకొకరు కావాలి. ఎర్రప్ప పక్కన రెండేళ్లుగా ఆ చోటు ఖాళీ. కూలికి పిలిచినా ఎవరూ రారు. ఒంటరిగా సన్నంచు చీరలు నేసుకుంటూ, ఒక్కడే వండుకుని, ఒక్కడే తింటున్నాడు.

నలభై రెండులో గాంధీని జైల్లో పెట్టారని కాంగ్రెసువాళ్లు ఎంత గొంతు చించుకున్నా నేతవీధి మగ్గం దిగలేదు. తమ కులదేవత చౌడమ్మ జ్యోతి పండగ నాడు మాత్రం వీధంతా కదిలింది. బియ్యప్పిండితో చేసే ఆ జ్యోతి గుడి చేరేదాకా నేలను తాకకూడదు. దాన్ని తలకెత్తుకునేది ఎర్రప్ప ఇంటివాళ్లే. ఆ ఏడు ఎర్రప్ప ఎత్తుకున్నాడు. గుంపులు కూడరాదని పెనుకొండ నుంచి ఉత్తరువు వచ్చిందంటూ పోలీసులు సందుమొగలో అడ్డం నిలిచారు. ముందు నడుస్తున్న తమ్ముడు నరసప్ప గుండెకు తుపాకి ఆనించి, "దించుతావా, కాల్చమంటావా?" అన్నాడు ఇనస్పెక్టరు.

ఎర్రప్ప దించాడు. అమ్మవారంటే భయం లేక కాదు. తమ్ముడు తప్ప అతనికి ఎవరూ లేరు.

జ్యోతిని మట్టిలో చూసేసరికి జనం వెర్రెత్తిపోయారు. ఆ సాయంత్రమే తంతి తీగలు తెగాయి, సర్కారు కచేరీ మీద రాళ్లు పడ్డాయి. నరసప్పతో కలిపి పదిహేడు మంది జైలుకు పోయారు. దొరల మీది కోపమంతా చివరికి ఎర్రప్ప నెత్తినే పడింది. ఏం న్యాయమో మరి, దించమన్నవాడికి సలాములు, దించినవాడికి వెలి.

రెండేళ్లకు నరసప్ప బళ్లారి జైలు నుంచి వచ్చాడు. స్టేషన్లో అతనికి దండలు వేశారు. వెనకాల నిలబడ్డ అన్న వైపు అతను చూడలేదు. మర్నాడు పొద్దున్నే అటూ ఇటూ చూసుకుంటూ ఇంటికి వచ్చాడు. ఎర్రప్ప గబగబా అంచు పక్కన పీట తుడిచి వేశాడు. తమ్ముడు కూర్చోలేదు.

"నువ్వు దించబట్టే నేను బతికుండా అన్నా. నువ్వు దించబట్టే ఊరు లేసింది. నాకు తెలుసు."

"ఆ మాట కులపోళ్ల ముందర ఒక్కతూరి చెప్పప్పా. నాకంతే చాలు."

"చెప్పలేను. ఈ ఏడు జ్యోతి నన్ను ఎత్తుకోమంటాండారు. నీ పక్కన కూర్చుంటే ఎత్తనీరు."

ఎర్రప్ప వేసిన పీట తీసి గోడకు ఆనించాడు.

"ఎత్తుకో" అన్నాడు. "ఈతూరి తుపాకి నా గుండెకు పెట్టినా దించొద్దు."

"దించను" అన్నాడు నరసప్ప. ఆ మాట అనడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు.