ఎదురు చరణం

సువార్తమ్మ నోరు మంచిదని ఎవరూ అనేవారు కాదు గానీ, గొంతు మంచిదని మాత్రం ఊరంతా ఒప్పుకునేది. మార్కాపురానికి ఆమడ దూరంలో ఉన్న ఆ పల్లెలో ఆమె పగలు కూలికి పోయేది. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునేది. అయితే ఆమె ప్రాణమంతా తిరగలి పాటలో ఉండేది. అది అత్త నేర్పిన పాట.

తిరగలి దగ్గర ఆమె జత ఆడబిడ్డ రూతమ్మ. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టుకుని జొన్నలు విసిరేవారు. అడిగే చరణం కోడలికీ, జవాబు చరణం కూతురికీ అత్త పంచి ఇచ్చి పోయింది. ఒకరి చరణం ఇంకొకరు పాడితే, చేతిలో పిడి లాగేసుకున్నంత అవమానం. అక్కడి ఆడవాళ్ళ కట్టుబాటు అది.

ఆ జతను ఒక మేక చెడగొట్టింది. సువార్తమ్మ ఆరేసుకున్న క్రిస్మస్ చీర కొంగును రూతమ్మ మేక నమిలేసింది. అంతటితో పోయేదే. "పాత చీరే గదా వదినా," అంది రూతమ్మ. ఆ పండక్కి కొన్న చీర అది! సువార్తమ్మ మాట మానేసింది. అప్పుడే మార్కాపురంలో పిండిమర పెట్టారు. కోపానికి మర తోడైతే ఇంకేం కావాలి? తిరగలి మూలపడింది.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన రోజులవి. ఆ పల్లెలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. కర్నూలులో కొందరు కాలేజీ పంతుళ్ళు పల్లెపాటల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ పాటలను కూడా చదువుగా ఎంచి కాలేజీలో చెప్పాలని వాళ్ళ పట్టు. ఆ సంఘం తరఫున శ్రీరాములు పంతులు పాటలు పట్టే మిషన్‌ను జీపులో వేసుకుని సువార్తమ్మ ఇంటికి వచ్చాడు.

"జవాబు కూడా నువ్వే పాడమ్మా, తెలుసు కదా," అన్నాడు పంతులు.

"తెలుసు నాయనా. తెలిస్తే పాడతారా? అది రూతమ్మది."

"అయితే ఆమెను పిలువమ్మా."

"నేనా? దాన్నే రమ్మను."

పంతులు పక్కనే ఉన్న రూతమ్మ ఇంటికి వెళ్ళాడు. "మా వదిన పిలిస్తే వస్తా," అందామె. పాపం, కర్నూలు నుంచి వచ్చిన మనిషి ఆ పూటంతా రెండు గుమ్మాల మధ్యే తిరిగాడు. చివరికి, "సరేనమ్మా, సగమే పాడు. మా సంఘం సగం పాటనైనా దాచుకుంటుంది," అన్నాడు.

సగం! అత్త పాట నలుగురి ముందుకు కుంటుకుంటూ పోతుందా? సువార్తమ్మ మూలనున్న తిరగలి ముందుకు లాగి, గుప్పెడు జొన్నలు పోసి పాట ఎత్తుకుంది.

"పొద్దున్నే విసిరేవు, పిండెవరికమ్మా?"

ఆగింది. రాయి మాత్రం తిరిగింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ రాయే తిరిగింది. మూడోసారి అడిగేసరికి గోడ అవతల రూతమ్మ ఉండలేకపోయింది.

"పొలం పోయేటి మా అన్నకమ్మా!"

పాడుతూనే వచ్చి ఎదురుగా కూలబడి పిడి అందుకుంది.

"ఏంది వదినా, గొడ్డును ఈడ్చినట్ల లాగుతున్నావు?"

"ముందు నీ మేకను కట్టేసినావా?"

అదంతా మిషన్‌లోకి ఎక్కింది.

వారం తిరిగేసరికి వదినా ఆడబిడ్డలిద్దరినీ సంఘం కర్నూలు సభకు పిలిపించి, మిషన్‌లో పట్టిన పాట వినిపించింది. మేక మాటకు సభంతా నవ్వింది. పాట మళ్ళీ సాగాక మాత్రం ఎవరూ దగ్గనైనా లేదు. పాట అయిపోగానే, వచ్చే ఏడు దీన్ని పిల్లలకు పాఠంగా చెబుతామని కాలేజీ పెద్దాయన లేచి అన్నాడు.

వెనక బెంచీలో రూతమ్మ కళ్ళు తుడుచుకుంటూ వదిన చెయ్యి పట్టుకుంది. "ఇద్దరం కలిస్తే అచ్చం మా అమ్మ గొంతే వదినా."

సువార్తమ్మ ఆమె వైపు తిరిగింది.

"ఆ చీర కొత్తది రూతమ్మా."

"కొత్తదే వదినా."

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు ఆ రెండిళ్ళ జొన్నలూ పిండిమరకు పోలేదు.