అత్తగారి గుండిగలో సిమెంటు

బస్తాడు సిమెంటు ఉంటే కొత్త అల్లుడి పరువుని ఎంత లోతున పూడ్చొచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. నా పరువుని నేనే స్వయంగా కలిపి పోసేను.

అప్పుడు పెళ్లైన కొత్త. రాజోలులో రొయ్యల మేత కొట్లో పని, ఖాళీ దొరికితే గోదారి పాయలో గాలం. ఒకరోజు ఫోన్లో ఓ వీడియో కనబడింది. గాలానికి కోడి ఈకలు పెట్టి దారం చుడితే అచ్చం పురుగులా తయారవుతుంది, చేప మోసపోయి మింగుతుంది. చుట్టేటప్పుడు గాలాన్ని కొరికిపట్టుకోడానికి చిన్న వైస్ ఉండాలి. తెప్పించేను. ముద్దుగానే ఉంది గానీ, దాన్ని నిలబెట్టే అడుగు అప్పడమంత రేకు. దారం లాగితే చాలు, తాగొచ్చినవాడిలా నా ఒళ్లో వాలిపోయేది.

ఇటుకకి కట్టేను, ఊగింది. తిరగలి రాయి మీద పెట్టేను, జారింది. ఇక సిమెంటే దిక్కని తీర్మానించేను. సిమెంటు పొయ్యాలంటే అచ్చు కావాలి కదండీ. వరండాలో మా అత్తగారి ఇత్తడి గుండిగ కనబడింది. ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం, అందరికీ పలావు అందులో వండాలని ఆవిడ మామిడికుదురు నుంచి ముందే పంపించేరు. లోపల నూనె రాసి, సగానికి సిమెంటు పోసి, మధ్యలో వైస్ కాడ గుచ్చేను. గట్టిపడ్డాక బోర్లిస్తే జున్నుముక్కలా జారుతుందని నా లెక్క.

గుండిగకి పొట్ట పెద్దది, మూతి చిన్నది. ఈ సంగతి లోకమంతటికీ తెలుసు. నాకు మర్నాడు తెలిసింది. పైగా వైస్ లోపలే ఉండిపోయింది. ఈక చుట్టాలంటే నూతిలో పడ్డ చేద వెతుక్కునేవాడిలా వంగాలి.

శనివారం అత్తగారు రానేవచ్చేరు.

"గుండిగ తోమి పెట్టుకుందామమ్మా" అన్నారు కూతురితో.

"ఆయనేదో చెప్తారంటమ్మా" అని మా ఆవిడ సునీత లోపలికెళ్లిపోయింది.

గుండిగ దగ్గరికి తీసుకెళ్లి చూపించేను.

"ఇదేంటండీ అల్లుడుగారూ?"

"వైస్ అండీ. కదలకుండా ఉంటుందని..."

ఆవిడ రెండు చేతులా పట్టుకుని లాగి చూసేరు. "ఆయ్. కదలట్లేదండీ."

కూడు కుండలో అలాగే ఉండాలి, బిడ్డ దుడ్డులా పెరగాలి అంటారు. నా సిమెంటు కుండలో అలాగే ఉంది. దుడ్డుకర్రలా నేను నించున్నాను.

ఆ గుండిగ ఆవిడకి వాళ్లమ్మగారిచ్చింది. ఆవిడ అరుగు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. దగ్గరికెళ్లి చూద్దును కదా, నవ్వుతున్నారు.

పక్కింట్లో డేగిసా అడిగి తెచ్చి పలావు ఆవిడే వండేరు. "మీ ఇత్తడి గుండిగ తీయలేదేంటండీ?" అని చుట్టాలడిగితే, "కొంచెం మరమ్మతు ఉందండీ" అన్నారు తప్ప నా పేరు ఎత్తలేదు. ఆ ఒక్క మాటకి ఆవిడకి జీవితాంతం రుణపడిపోయేను.

అక్కడితో అయిపోలేదు. ఆ తరవాత ఓసారి వస్తూ సంచిలో బరువుగా ఏదో మోసుకొచ్చేరు. పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె.

"మీ మావయ్యగారిదండీ. ఆయన పోయాక దీన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. మీ పనికొస్తుందేమో చూడండి."

నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దాటేవారు కాదట. ఆ పెట్టెని నా పిచ్చికి ఇచ్చేసేరావిడ. చేతులు జోడించేను. వైస్ కాడని సిమెంటు దగ్గర కోయించి, ఇస్త్రీపెట్టె పిడి తీసి ఆ చోట బిగించేను. ఎంత లాగినా అంగుళం కదల్లేదు. బొగ్గులుండే చోట ఈకలు, దారాలు పెట్టుకున్నాను.

దాని మీద చుట్టిన మొదటి పురుగుకే చేప పడింది. పట్టుకెళ్లి అత్తగారి అరచేతిలో పెట్టేను. అది చూపుడువేలంత ఉంది. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మర్యాదగా అడిగేరు:

"దీన్ని పులుసు పెట్టమంటారా అండీ, పెంచమంటారా?"

కాబట్టి మహాజనులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. వండుకునే గిన్నెలో వండుకునేదే తప్ప ఈ జన్మలో మరొకటి పొయ్యను. బరువైనదేదైనా కావాల్సొస్తే నా బుర్రనడగను, తిన్నగా అత్తగారినే అడుగుతాను.