హ్యాండిల్ బొజ్జన్న సీటు

కోడుమూరు చుట్టుపక్కల బొజ్జన్నలకు కొదవ లేదు. హ్యాండిల్ బొజ్జన్న మాత్రం ఒక్కడే. ఓబుళరెడ్డి కారు ముందు వంగి, ఇనుప హ్యాండిల్ తిప్పి ఇంజన్ను లేపేది అతనే. అతని భుజం లేకపోతే ఆ కారు కదలదు. ఈ సంగతి రెడ్డికి తెలుసు, ఊరికి తెలుసు. బొజ్జన్నకు ఇంకా బాగా తెలుసు.

ఆ కారు యుద్ధానికి ముందుది. ఒక దొర దేశం విడిచి పోతూ మద్రాసులో వదిలించుకున్న పందెపు బండి. పొడుగాటి మూతి, మడిచిపెట్టే టాపు, తలుపు కింద నిలబడేందుకు ఫుట్‌బోర్డు, రెండంటే రెండే సీట్లు. సెల్ఫ్ స్టార్టరు లేదు, బ్యాటరీ లేదు. మ్యాగ్నెటో అనే పెట్టె ఒకటి ఉండేది. హ్యాండిల్ తిప్పితే అందులో నిప్పురవ్వ పుడుతుంది, దానికి పెట్రోలు అంటుకుంటుంది. ఒడుపు తెలియనివాడు తిప్పితే హ్యాండిల్ ఎదురు తన్నుతుంది. మద్రాసు నుంచి కారుతో వచ్చిన డ్రైవరు చేతికి కట్టు కట్టించుకుని రైలెక్కాడు. పాలేళ్లు నలుగురు తలా ఒక తన్ను తిని పక్కన కూచున్నారు. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడం ఆపి చూడడానికొచ్చిన బొజ్జన్న తలగుడ్డ సవరించుకుని, మూడో తిప్పుకు ఇంజన్ను లేపాడు.

ఆ రోజుతో అతని కపిల ముగిసింది. రెడ్డి ఎక్కడికి పోయినా కారు ఆగుతుంది, ఆగితే మళ్లీ లేపాలి. తోలేది రెడ్డే, కాబట్టి రెండో సీటు బొజ్జన్నది. హ్యాండిల్‌ను ఒడిలో అడ్డంగా పెట్టుకుని అతను కూచున్న తీరు చూసి, తెలియని ఊళ్లవాళ్లు కారు ఇతనిది, తోలేవాడు జీతగాడు అనుకునేవాళ్లు. బొజ్జన్న ఎవరినీ సరిదిద్దలేదు. ఎప్పుడైనా రెడ్డి మడక పట్టి దున్నమంటే చేతులు చూపించేవాడు.

"మడక పడితే చెయ్యి బిగుసుకపోతాది రెడ్డెప్పా. మల్ల హ్యాండిల్ సాగదు. నీ ఇష్టం."

రెడ్డి ఇష్టం అక్కడికే ఆగేది.

ఇంకో కిటుకు ఉంది. కర్నూలు రాజధాని అయిన కొత్త. డేరాల్లో ఆఫీసులు, వీధి నిండా జనం, రోజుకొక నాటకం. బొజ్జన్నకు ఆ సాయంత్రం నాటకం చూడాలనిపిస్తే ఇంజను మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపేవాడు. "కోపంగా ఉండాది రెడ్డెప్పా. సల్లబడాల. ఇప్పుడు ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతాది." ఇంజను కోపం నాటకం అయిపోయేసరికి కచ్చితంగా చల్లారేది. ఒకసారి పెద్ద ఆఫీసరు ఒకాయన రెడ్డిని సాగనంపడానికి వాకిటి దాకా వచ్చాడు. రెడ్డి కారెక్కి కూచున్నాడు. బొజ్జన్న లేడు, ఎదురుగా హోటల్లో దోసె తింటున్నాడు. దోసె అయి, కాఫీ అయి, చెయ్యి కడుక్కుని వచ్చేదాకా రెడ్డి పెళ్లిపీట మీద పెళ్లికొడుకులా కదలకుండా కూచున్నాడు. ఆఫీసరు గుమ్మంలో నిలబడి నవ్వాపుకున్నాడు.

రెడ్డి భార్య సుబ్బరత్నమ్మ ఈ కథ విని నవ్వలేదు. కారు కొన్నప్పటి నుంచి ఆమె అందులో ఒక్కసారి కూడా ఎక్కలేదు. కిందటి శివరాత్రికి మహానందికి రెడ్డి, బొజ్జన్న కారులో పోయారు. ఆమె ఎద్దుల బండిలో పోయింది. ఆమె దుమ్ము కొట్టుకుంటూ చేరేసరికి కారువాళ్లిద్దరూ కోనేట్లో మునిగి, దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, తిరుగు ప్రయాణంలో ఎదురొచ్చారు. బొజ్జన్న బండికి చెయ్యి ఊపాడు కూడా.

"ఆ కారుకు సెల్ఫ్ పెట్టియ్యి" అంది ఆమె మొగుడితో. "ఈ శివరాత్రికి ఆ సీట్లో నేను కూచుంటా. లేదంటే నువ్వూ ఎద్దుల బండిలోనే రా."

దోసె సంగతి రెడ్డికి ఇంకా మండుతూనే ఉంది. వెంటనే ఒప్పుకున్నాడు.

కర్నూల్లో ఏసేపు అని మెకానిక్కు. మిలిటరీ లారీల దగ్గర పనిచేసి వచ్చినవాడు. అతను బానెట్టు ఎత్తి చూసి, మ్యాగ్నెటో తీసేసి, నిప్పురవ్వకు బ్యాటరీతో నడిచే కాయిలు పెడతానన్నాడు. బ్యాటరీ, దాన్ని నింపడానికి డైనమో, వీటితోపాటు పాత మిలిటరీ బండి నుంచి తెచ్చిన సెల్ఫ్ మోటారు. బొత్తాం నొక్కితే మోటారే ఇంజన్ను తిప్పుతుంది.

"అయితే మనిషి అక్కర్లేదా?" అన్నాడు బొజ్జన్న.

"నొక్కేకి ఏలు ఉంటే చాలన్నా."

బొజ్జన్న తన భుజం వైపు చూసుకున్నాడు. సీటు పోతే మళ్లీ కపిల. పొద్దుననగా ఎద్దుల తోకలు చూడడం మొదలుపెడితే పొద్దుగూకినా అవే తోకలు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తిరుగుతుండగా ఏసేపు, బ్యాటరీని సీట్ల వెనక పెట్టెలో పెడదామని రెడ్డితో అనడం వినబడింది.

"ఎనక పెట్రోలు ట్యాంకు ఉండాది గదప్పా!" బొజ్జన్న అదిరిపడ్డాడు. "నిప్పూ పెట్రోలూ పక్కపక్కన పెడతావా? రెడ్డెప్ప కూచునే బండి అది. ఈడ పెట్టు, సీటు ముందర. ఎవురన్నా కనిపెట్టుకోని ఉండొచ్చు."

చూపించింది రెండో సీటులో కూచునేవాళ్లు కాళ్లు పెట్టుకునే చోటు. ఏసేపు అతని ముఖం చూశాడు, చూపించిన చోటు చూశాడు. మీసాల్లో నవ్వి, "పెట్టొచ్చు" అన్నాడు. నిప్పు మాట విన్న రెడ్డి సరేనన్నాడు.

బొజ్జన్న లెక్క ఇది. అక్కడ చెక్కపెట్టెలో బ్యాటరీ కూచుంటే కాళ్లు కిందికి వేలాడేసి కూచోడం కుదరదు. కాళ్లు పైకి మడిచి సకలముకలం వేసుకుని కూచోవాలి. కోడుమూరు నుంచి మహానందికి అట్లా కూచోడం కపిల తొట్టి గట్టు మీద పుట్టి పెరిగినవాళ్ల వల్ల అవుతుంది గానీ రెడ్డెమ్మ వల్ల అవుతుందా? వాకిట్లో నిలబడి అతను ఎప్పుడు చూసినా ఆమె పంచలో ఊయల మీద కాళ్లు వేలాడేసుకుని కూచుని ఉండేది. పంచ దాటి లోపల ఏముందో, ఎవరు ఎట్లా కూచుంటారో పాలేరుకు తెలిసే వీల్లేదు. చూసినంత మేరకు అతని లెక్క సరైనదే.

కారు తయారై ఇంటికొచ్చింది. టెంకాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రెడ్డి బొత్తాం నొక్కాడు. గుర్రుమని లేచింది. ఊరంతా ఓహో అంది. రెడ్డి ఆర్పేసి మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది. వెనక నిలబడినవాళ్లు చూడలేదని ఇంకోసారి నొక్కాడు. కొత్తగా పెట్టిన కరెంటు హారను కూడా మోగించాడు. బొజ్జన్న పక్కన నిలబడి ఇదంతా గమనించాడు. కర్నూలు నుంచి వచ్చే దారిలో కూడా రెడ్డి ఊరూరా ఆపి, ఆర్పి, జనం మూగాక బొత్తాం నొక్కి చూపించాడు. "ఊరికే నొక్కగాకండి, బ్యాటరీ దిగిపోతాది" అని ఏసేపు చెప్పిన మాట రెడ్డికి ఎక్కలేదు. బొజ్జన్నకు ఎక్కింది. ఎక్కిన మాట ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు సుబ్బరత్నమ్మ పట్టుచీరతో వచ్చింది. తలుపు తీసింది. చెక్కపెట్టె చూసింది, బొజ్జన్నను చూసింది. బొజ్జన్న ఆకాశం చూస్తున్నాడు.

ఆమె కుచ్చెళ్లు కాస్త ఎత్తి, సీటు మీదికెక్కి, ఒక్క ఊపులో కాళ్లు మడిచి సకలముకలం వేసుకుని కూచుంది. పొయ్యి ముందు పీట మీద రోజంతా కూచున్నట్టే కూచుంది. ఊయల ఆమెకు పనంతా అయ్యాక గాలికి కూచునే చోటు మాత్రమే. పూజబుట్ట తీసుకుని బ్యాటరీ పెట్టె మీద పెట్టి అటూ ఇటూ కదిపి చూసింది.

"ఏం బొజ్జన్నా, బుట్ట పెట్టుకునేకి పీట గూడా ఏపిచ్చినావే! శానా మంచోడివి."

జనం నవ్వారు. బొజ్జన్న కూడా నవ్వాల్సి వచ్చింది.

"ఇంగ హ్యాండిల్ ఎందుకురా, గోడకు తగిలియ్యి" అన్నాడు రెడ్డి.

"నా తావ పెట్టుకుంటా రెడ్డెప్పా. ఇన్నేండ్ల సావాసం" అన్నాడు బొజ్జన్న, గొంతు కాస్త బొంగురు చేసి. రెడ్డి మనసు కరిగింది. సుబ్బరత్నమ్మ బుట్టలో అగరొత్తులు సర్దుకుంటూ ఆ మాట పట్టించుకోలేదు.

ఇంట్లో బొజ్జన్న పెళ్లాం గిడ్డమ్మ మొగుడికి సంగటి పెడుతూ అంటించింది. "నన్ను ఒక్కనాడన్నా ఎక్కిచ్చినావా దాంట్లో? ఆ ఉసురే తగిలింది."

"మూట కట్టు. శివరాత్రికి మహానందికి పోతాండాము."

"దేంట్లో, కపిల బానలోనా?"

"బస్సులో. వచ్చేటప్పుడు యాంట్లో వస్తామో చూడు."

ముందురోజే ఇద్దరూ బస్సెక్కారు. మూటలో బట్టలు, బొరుగులు, వాటి మధ్య తువ్వాల చుట్టిన హ్యాండిల్. మహానందిలో మునిగి, దర్శనం చేసుకుని, కారు వచ్చి ఆగే చోటు కనబడేలా టెంకాయల అంగడి నీడలో చతికిలబడ్డారు.

కారు హారను మైలు దూరం నుంచే వినబడింది. ఈసారీ ఊరూరా బొత్తాం నొక్కి చూపిస్తూ వచ్చిన రెడ్డి కారు ఆపాడు. రెడ్డి ఆర్పి, మూగిన జనానికి ఒకసారి లేపి చూపించి, మళ్లీ ఆర్పాడు. బొజ్జన్న బొరుగులు నములుతూ ఆ శబ్దం విన్నాడు. గుర్రు కాస్త నీరసంగా ఉంది. అతనికి కోనేటి స్నానం కంటే హాయిగా అనిపించింది.

దర్శనం అయి రెడ్డి దంపతులు తిరిగొచ్చారు. బొత్తాం నొక్కితే ముసలివాడు మంచం దిగినట్టు ఒక మూలుగు వచ్చింది. ఇంకోసారి నొక్కితే టక్కుమంది. ఆ తర్వాత అదీ లేదు. ముందు గాజుల అంగళ్లు, వెనక ఎద్దుల బండ్ల వరుస. తోద్దామన్నా చోటు లేదు. జనం మూగారు. ఒకడు దిష్టన్నాడు, ఒకడు కారుకు కూడా స్నానం చేయించాలన్నాడు. సుబ్బరత్నమ్మ సీట్లో కదలకుండా కూచుని ఎదురుగా చూస్తోంది.

బొజ్జన్న కంగారు పడలేదు. నోరు తుడుచుకున్నాడు. మూట విప్పి, జనాన్ని తోసుకుని వచ్చాడు.

"ఈడ ఏం చేస్తాండావు?" అంది సుబ్బరత్నమ్మ.

"స్నానానికి వచ్చినా రెడ్డెమ్మా."

"హ్యాండిల్‌కు గూడానా?"

బొజ్జన్న కారు ముందుకు పోయి వంగాడు. హ్యాండిల్ కళ్లకద్దుకున్నాడు, జనాన్ని వెనక్కి జరగమన్నాడు, అరచేతుల్లో ఉమ్మి వేసుకున్నాడు. బ్యాటరీలో మోటారు తిప్పే సత్తువ లేకపోయినా నిప్పురవ్వకు సరిపడా మిగిలే ఉంది. మూడో తిప్పుకు ఇంజను లేచింది. జనం ఓహో అన్నారు. బొజ్జన్న లేచి చెమట తుడుచుకుంటూ వచ్చి రెండో సీటు తలుపు పక్కన నిలబడ్డాడు.

రెడ్డి గొంతు సవరించుకున్నాడు. "అది కాదు రత్నమ్మా, దోవలో ఆగితే... బొజ్జన్న లేకుంటే... నిన్ను బస్సుకు..."

సుబ్బరత్నమ్మ మొగుణ్ని చూడలేదు. బొజ్జన్న వెనక తడి జుట్టుతో, మూటతో నిలబడిన గిడ్డమ్మను చూసింది. తర్వాత ఫుట్‌బోర్డు చూసింది.

"ఆ హ్యాండిల్ ఇట్లియ్యి."

ఆ గొంతు విని బొజ్జన్నకు ఇవ్వక తప్పలేదు. ఆమె దాన్ని ఒడిలో అడ్డంగా పెట్టుకుంది.

"గిడ్డమ్మా, రా. ఎక్కు."

"నేనా రెడ్డెమ్మా?"

"ఊళ్లో చూస్తే ఏమనుకుంటారే?" అన్నాడు రెడ్డి చిన్నగా.

"అందరం ఒకే కోనేట్లో మునిగినాము. నువ్వు తోలు."

ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మోకాలు మీద ఒకరి మోకాలు వేసుకుని సకలముకలం కూచున్నారు. బుట్టా మూటా బ్యాటరీ మీద సర్దుకున్నారు. సుబ్బరత్నమ్మ హ్యాండిల్ కొసతో బొజ్జన్నకు ఫుట్‌బోర్డు చూపించింది.

"నువ్వు ఆడ నిలబడు. కారు ఆగితే హ్యాండిల్ ఇస్తా, లేపి మల్ల నా చేతికియ్యి. ఇంజనుకు కోపమొచ్చినా, చల్లబడాలన్నా ముందు నాకు చెప్పాల. నాటకాలుంటే గూడా."

నాటకాల సంగతి ఆమెకెట్లా తెలిసిందని బొజ్జన్న రెడ్డి వైపు చూశాడు. రెడ్డి గేరు వేశాడు.

నంద్యాల దాటి, కర్నూలు దాటి, ఊరూరా జనం చూస్తుండగా బొజ్జన్న తలుపు పట్టుకుని, తలగుడ్డ కొస గాలికి ఎగురుతుండగా నిలబడి వచ్చాడు. నడుములు పడిపోయాయి. కానీ ఇంకొకటి కూడా జరిగింది. కూచున్నప్పటికంటే నిలబడ్డప్పుడు ఎక్కువ మందికి కనబడుతున్నాడు. కోడుమూరు చేరేసరికి ఒక చెయ్యి వదిలేసి, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఊపడం మొదలుపెట్టాడు.

"రెండు చేతులా పట్టుకోవయ్యా, పడతావు" అంది లోపల్నుంచి గిడ్డమ్మ.

ఆ తర్వాత కూడా కారు వెళ్లిన చోటికల్లా బొజ్జన్న ఫుట్‌బోర్డు మీదే వెళ్లాడు. కపిల మళ్లీ పట్టలేదు. సీటు ఏమైందని ఎవరైనా అడిగితే ముఖం చిట్లించేవాడు.

"బ్యాటరీ వేడి శానా కొడతాదప్పా ఆడ. నేనే ఒద్దని ఇచ్చేసినా."