మేక సినిమా, జీపు సినిమా, మధ్యలో మా పట్టుపురుగులు

ఒక్క సినిమాను బాగుండాదని మెచ్చుకున్న పాపానికి మా ఇంట్లో పట్టుపురుగులు గోడలెక్కినాయి. ఎట్ల ఎక్కినాయో చెప్తాను. మీరు నవ్వుకోండి, పరవాలేదు. మా అమ్మ ముందర మటుకు నవ్వొద్దండి, ఆ పంట పేరెత్తితే ఆమెకు ఇప్పటికీ కోపమొస్తాది.

మాది దిబ్బూరహళ్ళి పక్కన చిన్న పల్లె. బయట మల్బరీ తోట, ఇంట్లో పురుగుల మేపు. అప్పుడు నాకు మీసం కొత్తది, సెల్లు కొత్తది, తెలివి ఇంకా రాలేదు.

నాకొక జబ్బుండేది. సినిమా ఎట్లుండాదో నా కండ్లను అడిగేవాణ్ణి కాదు, హాలు బయట తోసుకునే జనాన్ని అడిగేవాణ్ణి. పుస్తకాలైనా అంతే. గ్రంథాలయంలో చినిగి పేలికలైన పుస్తకమే తెచ్చుకునేవాణ్ణి, నలుగురి చేతులు పడినాయి కదా అని. అట్ట నలగని పుస్తకం జోలికే పోయేవాణ్ణి కాదు.

అప్పుడు చింతామణిలో ఒక పెద్ద సినిమా వచ్చింది. హీరో పేరు చెప్పను, ఆయన అభిమానులు మా పక్కింట్లోనే ఉండారు. నేను పోయిన పొద్దు టికెట్టు దొరకలేదు. ఇంత దూరం వచ్చి ఊరికే ఎట్ల పోయేదని పక్క హాల్లో దూరినాను.

ఆడ ఒక ముసలాయన తప్పిపోయిన మేకను వెదుక్కుంటా ఊరూరూ తిరుగుతాండాడు. అంతే కథ. కొట్లాట లేదు, డ్యాన్సు లేదు, హాల్లో జనమూ లేరు. నేనైతే తువ్వాల పిండుకునేటట్ల ఏడ్చినాను. బయటికొస్తాంటే టికెట్టు చింపే ఆయన నన్ను నిలబెట్టి, "ఏమప్పా, ఇంట్లో అందరూ బాగుండారు కదా?" అని అడిగినాడు పాపం.

బస్సు దిగంగానే నా సావాసగాడు మంజు ఎదురైనాడు.

"ఏ సినిమాకు పోయింటివిరా?"

చెప్పినాను.

"అదా! దాన్ని ఎవుడన్నా చూస్తాండాడారా?"

"అదే కదా," అన్నాను. "నేనూ నిద్రపోయినానులే."

కండ్లింకా ఎర్రగానే ఉండాయి. వాడు నిద్ర ఎరుపనుకున్నాడు.

రెండు దినాలకు పెద్ద సినిమాకు టికెట్టు సంపాదించినాను. హీరో ఒక చేత్తో జీపు ఎత్తినాడు, ఇంకో చేత్తో మీసం తిప్పినాడు. ఆ జీపులో కూర్చున్నోళ్ళను తల్చుకుంటే నాకు జాలైంది. చప్పుడుకు తల పగిలిపోతాండాది. అయినా పక్కనోళ్ళు విజిలేస్తాంటే నేనూ వేసినాను.

సాయంత్రం పాల డైరీ దగ్గర ఊరంతా ఉండాది. మా వీధి వెంకటమ్మవ్వ పాలు పోస్తా అడిగింది.

"ఎట్లుండాదప్పా సినిమా?"

"సూపరవ్వా! అందరూ చూస్తాండారు. చూడకపోతే బతికేదే దండగ!"

"నా కాళ్ళు నొప్పులప్పా, అంత దూరం పోయేకి..."

"ఆ సినిమా చూస్తే కాళ్ళ నొప్పీ పోతాదవ్వా!"

చూడండి, వైద్యం కూడా చేసేసినాను. ఆదివారం మా వీధి వీధంతా ఒక టెంపో మాట్లాడుకొని చింతామణికి బయలుదేరింది. నేనే దగ్గరుండి అవ్వను ఎక్కించి, చెయ్యి ఊపి పంపించినాను.

పురుగుల సంగతి తెలియనోళ్ళకు ఒక మాట చెప్పాల. మాగిన పురుగు ఆకు ముట్టదు, ఒళ్ళు పసుపుగా మెరుస్తాది, తలెత్తి గూడు కట్టేకి చోటు వెదుకుతాది. ఆ పొద్దే ఏరి చంద్రికెల మీద, అంటే పెద్ద వెదురు తడకల మీద, వదలాల. ఆలస్యమైతే యాడంటే ఆడ కట్టేస్తాయి, పంట పోతాది. ఇద్దరితో అయ్యే పని కాదు. ఒకరింట్లో పురుగులు మాగితే వీధంతా వచ్చి ఏరుతాది. రేపు వాళ్ళింటికి మనం పోతాము.

మా పురుగులు సోమవారం మాగాల. ఎండ దెబ్బకు ఆదివారం మధ్యాన్నానికే మాగినాయి.

"రేయ్ నాగా, పురుగులు తలలెత్తినాయిరా!" అని అమ్మ కేకేసింది. "పోయి అందర్నీ పిలుచుకొని రా!"

పరిగెత్తినాను. మంజు ఇంటికి తాళం. అవ్వ ఇంటికి తాళం. వీధిలో కుక్క తప్ప ఎవురూ లేరు.

"అందరూ సినిమాకు పోయినారమ్మా."

"ఇంత ఎండలో వాళ్ళను ఎవుడు పంపించినాడు?"

నేను ఆకు తట్టను చూస్తా నిలబడినాను. అమ్మకు అర్థమైపోయింది. నాయన బాగేపల్లిలో పెండ్లికి పోయుండాడు, ఉండేది మేమిద్దరమే. ఇద్దరమూ చేతికందినన్ని ఏరుతాండాము, పురుగులేమో వాటి దారిన అవి పోతాండాయి. ఒకటి క్యాలెండరెక్కింది. ఒకటి నాయన చొక్కా జేబులో దూరింది. ఒకటి నా కొత్త చెప్పులో కాపురం పెట్టింది. రాత్రుళ్ళు లేచి లేచి ఆకేసి మేపిన పంట, కండ్ల ముందరే పోతాంటే అమ్మ గోడల వెంట పరిగెత్తుతాండాది. నాకు భయమూ సిగ్గూ రెండూ పట్టుకున్నాయి.

"ఫోనన్నా చెయ్యరా!"

"ఆ చప్పుడులో వినపడదమ్మా! ఒకటే మోత, తలనొప్పి సినిమా అది!"

అమ్మ ఏరేది నిలిపి నన్ను చూసింది. "సూపరంటివి కదరా?"

అప్పుడే వీధిలో టెంపో చప్పుడైంది. సినిమా ఇంకా అయిపోయుండదు! బయటికి పరిగెత్తినాను. అందరూ తలలొంచుకొని దిగుతాండారు.

"ఏమప్పా, ఇంటర్వెల్‌కే వచ్చేసినారు?"

"అదీ... అవ్వకు కాళ్ళ నొప్పంటే..." అని మంజు నసిగినాడు.

"నా కాళ్ళ మీద పెడతావేమిరా!" అని అవ్వ వాని మీదికి లేచింది. "అందరికంటే ముందు టెంపో ఎక్కింది నువ్వు కాదా?"

"తర్వాత కొట్లాడుకుందురు, ముందు పురుగులు చూడండప్పా!" అని అమ్మ అరిచింది. అందరూ చెప్పులు విడిచి లోపలికి వచ్చి పడినారు. పొద్దు గూకేలోపల ముక్కాలు పంట చంద్రికె ఎక్కింది. ఆ సినిమా ఇంకొంచెం బాగుండుంటే మా పంట మొత్తం పోయుండేది.

ఏరుతా ఏరుతా అవ్వ అడిగింది. "నిజం చెప్పరా. నీకు అది నచ్చిందా?"

"లేదవ్వా."

"మరి ఏది నచ్చింది?"

మేక కథ మొదలుపెట్టినాను. అవ్వ చేతిలో పురుగు చేతిలోనే ఉండాది, కండ్లలో నీళ్ళు తిరిగినాయి. "మేక దొరికిందా?"

"చెప్పనవ్వా. పోయి చూడు."

పురుగులు చంద్రికె ఎక్కినాక పెద్దగా పనుండదు. మరుసటి దినమే మళ్ళా టెంపో, మళ్ళా చింతామణి. పోయి చూస్తే హాలు గోడకు పోస్టరు పీకుతాండారు.

"ఈ పొద్దే ఎత్తేసినారప్పా, జనం రాలేదు," అన్నాడు టికెట్టు చింపే ఆయన. అంటానే నన్ను పోల్చుకున్నాడు. "ఏమప్పా, ఆ పొద్దు ఏడ్చుకుంటా పోయింది నువ్వే కదా? అంత నచ్చిందాన్ని నలుగురికి చెప్పుంటే ఏం పోయేది నీకు?"

వీధంతా నన్నే చూసింది. అవ్వ మెల్లగా టెంపో ఎక్కి కూర్చొని, "ఇప్పుడన్నా చెప్పరా, మేక దొరికిందా లేదా?" అనింది. ఊరు చేరేదాకా కథంతా నేనే చెప్పినాను. సగం దారి దాటినాక డ్రైవరు బండి పక్కకు నిలిపి కండ్లు తుడుచుకున్నాడు.

అందుకే నా చెప్పులో గూడు కట్టిన ఆ పురుగు మీద ఒట్టేసి చెప్తాండాను. ఇంట్లో పురుగులుండగా జనం మెచ్చినారని ఏ సినిమానూ నేను మెచ్చను. ఏడుపొచ్చిన సినిమా చూస్తే మటుకు ఇంటికి కూడా పోను. నేరుగా పాల డైరీ దగ్గరికే పోయి, ఊరంతా వినేటట్ల గట్టిగా ఏడుస్తాను.