ఒకటో తారీఖు నంబరు

నెహెమ్యాకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. నడికుడి దాటాక ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా క్యాజువల్ టైపిస్టు. నాలుగేళ్లు క్యాజువల్‌గా ఎట్లా ఉంటారని అడక్కండి, ఉంచితే ఉంటారు. పంద్రాగస్టుకు పర్మినెంటు లిస్టు వస్తుందని, ఈసారి అందులో అతని పేరుంటుందని ఆఫీసు సూపరింటెండెంటు నాగేశ్వరరావు గారు స్వయంగా అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎనభై తొమ్మిది ఎండాకాలమంతా గడిపేశాడు.

ఆ ఏడే ఫ్యాక్టరీకి కంప్యూటర్లు వచ్చాయి. ఆఫీసులో ఒక పెద్దది, ప్యాకింగు షెడ్డులో ఇంకో పెద్దది. లారీలు తూచే కాటా దగ్గర, స్టోర్సులో, గేటులో చిన్నవి. మనుషులు వాటిని కాటా, స్టోర్సు, గేటు అని పేర్లతోనే పిలుస్తారు. మిషన్లకు పేర్లు పట్టవు, ఒకదానికొకటి నంబర్లతోనే తెలుసు. ఏ పేరుకు ఏ నంబరో, ఏ నంబరుకు ఏ పేరో చెప్పే రెండు పట్టీలు ఆఫీసు కంప్యూటర్లో ఉండేవి. మిషను మారినప్పుడల్లా రెండూ చేత్తో దిద్దాలి. ఆ చాకిరీ నెహెమ్యా నెత్తిన పడింది. ఒక్క అంకె తప్పు కొడితే సాయంత్రం దాకా తిట్లు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వదిలి వెళ్లాడు. నెహెమ్యా అన్నం తినే గంటలో కూర్చుని దాన్ని కూడబలుక్కున్నాడు. చేయాల్సిన పనులు వరసగా రాసిపెడితే కంప్యూటరే చేసుకుపోతుందట, దాన్ని షెల్ స్క్రిప్టు అంటారట. నెలరోజులు కుస్తీ పట్టి ఒకటి రాశాడు. ఒక్క చోట పేరూ నంబరూ కొడితే చాలు, రెండు పట్టీలూ వాటంతటవే తయారవుతాయి. జులై ఐదున తొలిసారి నడిపినప్పుడు కళ్లు చెమర్చాయి. నాలుగేళ్లలో ఇది నేను చేశాను అనుకోదగ్గ పని అదొక్కటే.

పట్టీ పైన ఒక వరస నంబరు ఉండాలి. పట్టీల నకలు తన దగ్గర పెట్టుకునే ప్యాకింగు కంప్యూటరు గంటకోసారి దాన్ని చూస్తుంది. తన దగ్గరున్న నంబరు కన్నా పెద్దదైతే కొత్త పట్టీ తెచ్చుకుంటుంది, లేకపోతే పాతదాంతోనే కూర్చుంటుంది. ఆ నంబరు గుర్తుపెట్టుకుని పెంచే బాధ లేకుండా నెహెమ్యా ఏ రోజుకారోజు తేదీనే వేయించాడు. మనందరం వేసేట్టే, ముందు రోజు, తర్వాత నెల, ఆఖరున సంవత్సరం. జులై అంతా నంబరు పెరుగుతూనే పోయింది. ముప్పై ఒకటిన 310789.

ఆ సాయంత్రమే కాటా మిషను కాలిపోయింది. మర్నాడు పొద్దున కొత్తది పెట్టి కొత్త నంబరిచ్చారు. నెహెమ్యా స్క్రిప్టు నడిపాడు, ఆఫీసులో అంతా సవ్యంగానే కనిపించింది. ప్యాకింగు షెడ్డు మాత్రం కాలిపోయిన మిషను నంబరునే పిలుస్తూ కూర్చుంది. తూకం కాగితాలు రాలేదు. కాగితం లేనిదే గేటు తెరవరు. బస్తాలెత్తిన లారీలు రోడ్డు దాకా బారులు తీరాయి. మూడింటికి వాన దంచికొట్టింది. టార్పాలిన్లు చిరిగిన లారీల్లో సిమెంటు తడిసి గడ్డకట్టింది.

ఎందుకైందో చెప్పమని మేనేజరు అడిగాడు.

"తెలవదు సార్. నిన్నటిదాకా బాగనే పోయింది" అన్నాడు నెహెమ్యా.

"తెలవనోడివి మిషను మీద చెయ్యెందుకేశావయ్యా?" అని నాగేశ్వరరావు గారు అందరి ముందూ అరిచారు. జులైలో ఇదే స్క్రిప్టును పైవాళ్లకు చూపించి మెప్పు కొట్టేసిన పెద్దమనిషి కూడా ఆయనే. రేపట్నించి రావద్దన్నారు.

ఆదివారం చర్చిలో బాప్తిస్మాల రిజిస్టరు రాసేది నెహెమ్యానే, దస్తూరీ బాగుంటుందని. 30-7-89 కింద 6-8-89 అని వేశాడు. వేసి, అక్కడే ఆగిపోయాడు. ముప్పై కింద ఆరు. నెల మారిందని మనకు తెలుసు, మిషనుకేం తెలుసు? ఒకటో తారీఖున పట్టీ మీద 010889 పడింది. ముందున్న సున్నా తీసేస్తే పదివేల చిల్లర. అంతకుముందు రోజుది మూడు లక్షల పైచిలుకు. చిన్న నంబరు చూసి, ఇదేదో పాత పట్టీ అని ప్యాకింగు కంప్యూటరు వదిలేసింది. సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు ఆఖరున వేస్తే సరిపోయేది. ఒక్క వరస. పాస్టరు గారు బిడ్డ పేరు రెండుసార్లు చెప్పినా అతనికి వినపడలేదు.

సోమవారం పొద్దున్నే సైకిలేసుకుని ఫ్యాక్టరీకి పోయాడు. గేటు లోపలికి రానివ్వలేదు, నాగేశ్వరరావు గారే బయటికొచ్చారు. నెహెమ్యా గబగబా చెప్పాడు. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"అదేనయ్యా, ఇంజనీరు శుక్రవారమే పట్టుకున్నాడు. సంవత్సరం ముందుకు జరిపాడు. ఇప్పుడు నిక్షేపంగా పోతోంది."

"నా స్క్రిప్టేనా సార్?"

"నీదే. చానా బాగ రాశాడే అన్నాడు గూడా. ఇంక దానికంటూ ఒక మనిషి అక్కర్లేదంట. పేరూ నంబరూ కొట్టడానికి వాచ్‌మన్ మక్బూల్ చాలంట."

పర్మినెంటు లిస్టు సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాడు.

ఇంటిదగ్గర భార్య ప్రేమకుమారి వాకిట్లోనే నిలబడి ఉంది. మేనమామ కూతురు, చిన్నప్పటినుంచీ అతని మొహం చదవడం అలవాటే, అయినా ఆ పూట ఆశ కొద్దీ చదవలేదు.

"తప్పేందో చెప్పావా బావా?"

"చెప్పా."

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. సరిచేసుకున్నారంట గూడా."

"అయితే ఎప్పట్నించి రమ్మన్నారు?"

నెహెమ్యా సైకిలు గోడకు ఆనించి అక్కడే కూలబడ్డాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"నేను లేకపోయినా నడిచేటట్టే రాశా ప్రేమా" అన్నాడు.